మడ్‌గార్డు లేని వానాకాలం

మొన్న రాజమండ్రిలో మనవరాలి సైకిల్‌కి టైరు మార్పించాల్సి వచ్చింది. దుకాణంలో నల్లగా, గుండ్రంగా ఉండేది ఒకటి అడిగితే ఇచ్చేస్తారనుకుని వెళ్ళాను. కౌంటరు వెనకున్న కుర్రాడు నన్ను మర్యాదగానే చూసి, "ఏ టైపు కావాలండి?" అన్నాడు.

"సైకిల్ టైరు బాబూ."

"అదేనండి. నాబీయా, స్లిక్కా, సెమీ స్లిక్కా? వైర్ బీడా, ఫోల్డింగా? ట్యూబ్ ఉండేదా, ట్యూబ్‌లెస్సా?"

నేను రిటైరై చాలాకాలమైంది. టైరుకీ నాకూ ఉన్న బంధుత్వం ఆ మాటలోనే కాస్త మిగిలింది. నా మొహం చూసి జాలిపడ్డాడు కాబోలు, నాలుగు టైర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది నాబీ అండి. గుబ్బలుంటాయి, మట్టిలో పట్టు బాగుంటాది. ఇది స్లిక్, నున్నటిది, తార్రోడ్డు మీద సాఫీగా పోతాది. ఇది రెండింటికీ మధ్యరకం, నడిమధ్య నున్నగా, పక్కల్లో గుబ్బలు. అంచులో తీగ ఉంటే బరువు, లేకపోతే మడతపెట్టి సంచిలో పెట్టుకోవచ్చు. గాలి ఎంత పట్టాలో పక్కన రాసుంటాదండి. సన్నటిదానికి ఎక్కువ ప్రెషరు, లావుదానికి తక్కువ."

మా డాక్టరు గారు నాతో సరిగ్గా దీనికి తలకిందులుగా చెప్పారు. ఆ ముక్క అతనికి చెప్పి నవ్వించే లోపు మనవరాలు గుబ్బల టైరుని రెండు చేతులా ఎత్తేసింది.

"ఇదే కావాలి తాతయ్యా! మొసలిలా ఉంది."

దాన్ని నా మొహానికి దగ్గరగా పెట్టింది. కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన వెనకే తారు పూసిన పడవల వాసన, తాటిపండు పేసం వాసన, తడిసిన గోనెసంచి వాసన. బల్ల పట్టుకుని ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను.

మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు తీయడం, నీళ్ళ మట్టం సరిచేయడం, పడవ దాటాక మూయడం ఆయన పని. మా క్వార్టరు కాలువగట్టు మీదే ఉండేది. మా వాకిట్లోంచి చూస్తే ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, అప్పుడప్పుడు పెళ్ళివారి పడవలు లాకులో దిగి, మళ్ళీ తేలి వెళ్ళిపోతూ ఉండేవి. పడవవాళ్ళు మా మామ్మతో మాట కలపకుండా వెళ్ళేవాళ్ళు కాదు. మామ్మ అంటే మా నాన్నకి అమ్మ. ఎవరింట పెళ్ళి, ఎవరింట పేచీ, కాలువ పొడుగునా ఉన్న కబుర్లన్నీ లాకు తలుపుల కంటే ముందు మా మామ్మ దగ్గరే తెరుచుకునేవి.

నాన్న మాత్రం మాటలు తక్కువ మనిషి. ఆయన పట్టుదలంతా ఒక దీపం మీద. సందె వాలగానే లాకు గోడ మీద ఎర్రద్దం లాంతరు వెలిగించి పెట్టాలి. దూరంనుంచి వచ్చే పడవలకి అదే గుర్తు. ఒంట్లో జ్వరం ఉన్నా, పైఅధికారులు కుర్చీలో కూర్చుని ఉన్నా, ఆ వేళకి "ఉండండి, దీపం పెట్టొస్తాను" అని లేచిపోయేవాడు. పడవవాళ్ళు ఆ దీపం చూసి పొద్దు ఎంతయిందో చెప్పుకునేవారు.

మా ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. అక్క ఏడు పూర్తిచేసింది. హైస్కూలు గట్టు వెంబడి కిందికి పోతే వచ్చే పెద్ద ఊళ్ళో ఉంది. ఆ వేసవంతా ఇంట్లో ఇదే చర్చ.

"ఆడపిల్ల అంతదూరం ఒంటరిగా ఎలా పోతుందిరా?" అంది మామ్మ.

"తమ్ముడున్నాడుగా తోడు," అన్నాడు నాన్న.

మామ్మ నావైపు చూసింది. అప్పుడు నేను వాకిట్లో పాత టైరుని కర్రతో దొర్లించుకుంటూ వెళ్ళి, తులసికోటకి గుద్ది, టైరు వదిలేసి ఏడుస్తున్నాను.

"వీడా? వీడికే ఇంకో తోడు కావాలి."

అయినా మగపిల్లాడంటే మగపిల్లాడే, సైజు ఎవరూ అడగరు. ఊళ్ళో బడి మాన్పించి నన్ను తీసుకెళ్ళి ఆ పెద్ద ఊళ్ళో హైస్కూలు పక్కనున్న చిన్న బడిలో వేశారు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి బదిలీ మీద వెళ్ళిపోతున్న నర్సమ్మ గారి లేడీస్ సైకిల్ మా ఇంటికొచ్చింది. ముందు అక్క, వెనక క్యారియర్ మీద నేను. నా చదువు అలా అక్క చదువుకి వెనక తగిలించిన సామాను అయింది.

నాన్న షరతు ఒకటే పెట్టాడు. "దీపం వెలిగించేసరికి సైకిల్ వాకిట్లో ఉండాలి. ఏనాడు దీపం వెలిగాక వచ్చారో ఆనాటితో చదువు చాలు. కుట్టుపని నేర్చుకుందువుగాని." కోపంగా అనలేదు. నీళ్ళ మట్టం చెప్పినట్టు చెప్పాడు. అందుకే అక్కకి అంత భయం.

నర్సమ్మ గారి సైకిల్‌కి వెనక టైరు నున్నగా అరిగిపోయి ఉండేది. ఒకచోట దారాలు తేలి, బొబ్బలా ఉబ్బింది. అక్కడ లోపలివైపు మరో పాత టైరు ముక్క పెట్టి బిగించారు. దాన్ని గేటరు అనేవారు. ఆ గేటరు నేలకి తగిలినప్పుడల్లా సైకిల్ చిన్నగా ఎగిరేది. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో నన్నడిగితే తెలియదు గానీ నా నడుముకి తెలుసు.

వానలు దగ్గరపడుతున్నాయని టైరు మార్చాలన్న మాట వచ్చింది. మా ఇంట్లో అక్కకి తప్ప ఎవరికీ సైకిల్ తొక్కడం సరిగ్గా రాదు, అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి. కొబ్బరి లోడు వేసే సైకిళ్ళకి ఉండే మందపాటి టైరు మేలని నాన్న. "చెప్పు అరిగితే జారతాం. టైరైనా అంతే. గరుకుది తెండి," అని మామ్మ. రాజమండ్రిలో కలప అడితీలో పనిచేసే మా బాబాయ్ ఈ రెండు కోరికలూ తీర్చేస్తానని మాటిచ్చి, ఆ తర్వాతి ఆదివారం ఒక టైరుని దండలా మెడలో వేసుకుని పడవ దిగాడు. దాని ఒళ్ళంతా చింతపిక్కలంత గుబ్బలు.

"కొండలెక్కేస్తాది అన్నయ్యా ఇది," అన్నాడు.

"ఇక్కడ కొండలేవిరా?"

నిజమే. మా ప్రాంతంలో కాలువగట్టు కంటే ఎత్తైనవి తాటిచెట్లే. బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించి, "ఇది కొండకే లొంగదంటే గట్టు ఒక లెక్కా అని," అన్నాడు. బాబాయ్ మాటల్లో గాలి ఎప్పుడూ నిండుగా ఉండేది. పంపు అక్కర్లేదు.

టైరు బిగించాక అక్క కూర్చుని చక్రం తిప్పి చూసింది. టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య చూపుడువేలు దూర్చబోయింది. పట్టలేదు.

"బాబాయ్, పాతదానికి ఇక్కడ వేలు పట్టేది. ఇప్పుడు పట్టట్లేదు."

"వేలెందుకమ్మా పట్టడం? తొక్కేది కాళ్ళతో కదా!"

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వి చెయ్యి తుడుచుకుంది.

గట్టు పొడిగా ఉన్నన్నాళ్ళూ ఆ టైరు రాజాలా తిరిగింది. తుమ్మెదలా 'జుం' అని మోత. నడుం నొప్పి పోయింది. బడి పిల్లలు వచ్చి గుబ్బలు నొక్కి చూసేవారు. నేను ఎవరు నొక్కాలో, ఎవరు నొక్కకూడదో నిర్ణయించేవాణ్ణి. నా జీవితంలో అధికారం అంటూ చలాయించింది అప్పుడే. తర్వాత ఉద్యోగంలో కూడా అంత లేదు.

తర్వాత వాన పడింది.

మా గట్టు మట్టి బంకమన్ను. ఎండాకాలంలో పగుళ్ళిచ్చి రాయిలా ఉంటుంది, వాన తగలగానే అరిసెల పాకం అయిపోతుంది. ఆ సాయంత్రం బడి నుంచి బయల్దేరిన కాసేపటికే సైకిల్ బరువెక్కింది. గుబ్బల మధ్య సందుల్లో మన్ను దూరింది. దాని మీద ఇంకాస్త పట్టింది. టైరు తిరిగినకొద్దీ గట్టునే చుట్టుకుంటూ లావెక్కి, మడ్‌గార్డులోకి దూరి, చక్రం కదలనని బిగుసుకుపోయింది. పట్టు కోసం కొన్న టైరు పట్టుకుంది, వదలడమే దానికి రాలేదు.

దిగి తాటిమట్ట ముక్కతో గోకాం. నాలుగడుగులు నడిచింది. మళ్ళీ బిగిసింది. ముందుకు తోస్తే రాదు, వెనక్కి లాగితే రాదు. చివరికి అక్క వెనక చక్రాన్ని పైకెత్తి పట్టుకుంది. నేను ముందు హ్యాండిల్ పట్టుకుని నడిపించాను, అంటే దాన్ని పట్టుకుని వేలాడాను. ఎదురుగా వస్తున్న పడవలోంచి ఒకాయన కేకేశాడు.

"ఏం పాపా, సైకిల్ మీద మీరెళ్తన్నారా, మీ మీద సైకిలెళ్తందా?"

మామూలుగా అయితే అక్క గట్టి జవాబే ఇచ్చేది. ఆ రోజు ఇవ్వలేదు. దూరంగా, వానలో, ఎర్రగా ఒక చుక్క కనపడింది. నాన్న దీపం వెలిగించేశాడు. అక్క చక్రం కింద పెట్టేసింది. "ఇంక తొందరేం లేదులేరా," అంది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వాకిట్లో ఉన్నాడు. "తల తుడుచుకోండి," అన్నాడు అంతే. అమ్మ తాటిరొట్టె పెట్టింది. కాల్చిన తాటిపండు పేసంలో, అంటే గుజ్జులో, బియ్యపురవ్వ, బెల్లం కలిపి పొయ్యి మీద మందంగా కాల్చే రొట్టె. అడుగు మాడి, మధ్య మెత్తగా ఉంటుంది. మాడిన అంచు కోసం అక్కా నేనూ ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళం. ఆ రోజు అంచు మొత్తం నాకే వచ్చింది. అక్క కంచం ముట్టుకోలేదు.

"అమ్మాయ్, రేపట్నుంచి వద్దులే," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్న లేచేసరికి వసారాలో స్పానర్ చప్పుడు. అక్క సైకిల్‌ని బోర్లా పెట్టి రెండు మడ్‌గార్డులూ ఊడదీసేసింది. గుబ్బల టైరు విప్పి గోడకి ఆనించింది. పాత బొబ్బ టైరుని చక్రానికి ఎక్కిస్తోంది. నాన్న లాకు దగ్గర్నుంచి వచ్చి నిలబడ్డాడు.

"చదువు వద్దన్నానుగా. ఇదేంటి?"

"తప్పు నాది కాదు నాన్నా, టైరుది. నున్నటిదైతే మన్ను పట్టుకోదు. పట్టినా పైన సందుంటే రాలిపోతుంది."

"ఆ బొబ్బ గట్టు మధ్యలో పేలితే?"

"పేలితే నడుస్తాను. నిన్నటిది నడవను కూడా నడవనివ్వలేదు కదా."

మామ్మ అందుకుంది. "మడ్‌గార్డు లేకపోతే బురదంతా వీపు మీదికి చిమ్ముతుందే. ఓణీ వెనక నల్లగీత వేసుకుని పెద్ద ఊళ్ళోకి పోతావా? నలుగురూ నవ్వరూ?"

"నా వెనక వాడు కూర్చుంటాడుగా మామ్మా," అంది అక్క.

అందరూ నావైపు తిరిగారు. నేను రాత్రి మిగిలిన తాటిరొట్టె తింటున్నాను. మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "అవునే, సరిపోతాడు," అంది. "ఇన్నాళ్ళకి తోడు పనికొచ్చాడు."

నాన్న నవ్వాపుకోవడానికి కాలువవైపు తిరిగినట్టు గుర్తు. తిరిగే ఉండి అన్నాడు. "ఈ ఒక్కసారి చూద్దాం. దీపం మాట మాత్రం దీపం మాటే."

అలా నేను మడ్‌గార్డునయ్యాను. నున్నటి టైరు జారేది. జారినప్పుడల్లా అక్క కాలు ఆనించి నిలబెట్టేది, టైర్లో గాలి కొంచెం తగ్గించి తొక్కితే తక్కువ జారుతుందని తనే కనిపెట్టింది. చక్రం మాత్రం ఎక్కడా బిగియలేదు. పట్టిన మన్నంతా పైకి చిమ్మి, తిన్నగా నా వీపు మీద మెడ నుంచి నడుం దాకా గీత గీసేది. బడిలో మాస్టారు మొదటిరోజే "ఏరా ఉడతా!" అన్నారు. ఆ పేరు నాతో చాలాకాలం ప్రయాణం చేసింది. చొక్కాలు ఉతకలేక అమ్మ ఎరువుల సంచి చింపి నా వీపుకి కట్టింది. దాని మీద 'యూజ్ నో హుక్స్' అని, అంటే కొక్కేలు తగిలించరాదని, పెద్ద ఇంగ్లీషు అక్షరాలుండేవి. ఆ ఊళ్ళో చదువొచ్చిన వాళ్ళందరూ నన్ను చదివారు. నా వీపు నాకే కనపడదు కాబట్టి నేనొక్కణ్ణే చదవలేదు.

ఊడదీసిన వెనక మడ్‌గార్డుని మామ్మ వృథా పోనివ్వలేదు. చూరు కింద వాలుగా కట్టింది. వాననీళ్ళు అందులోంచి ధారగా జారి కోళ్ళ తొట్టిలో పడేవి. గుబ్బల టైరుని నాన్న లాకు గోడకి వేలాడదీశాడు, పడవలు ఒరుసుకోకుండా. బాబాయ్ వచ్చినప్పుడు దాన్ని చూసి, "చూశావా అన్నయ్యా, పడవకి కూడా పనికొచ్చే టైరు తెచ్చాను," అన్నాడు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నాన్న భయపడ్డదే జరిగింది. గట్టు మధ్యలో, చుట్టూ మనిషి లేనిచోట, బొబ్బ పేలింది. కొంగలు లేచిపోయాయి. నేను క్యారియర్ మీంచి దూకాను, కాదు, పడ్డాను. అక్క టైరు చూసింది, ఆకాశం చూసింది. మబ్బు కమ్మి అప్పుడే మసకగా ఉంది.

"పరిగెత్తగలవా?" అంది.

చక్రం తిరుగుతోంది కాబట్టి సైకిల్ నడుస్తోంది. అక్క హ్యాండిల్ పట్టుకుని పరుగు, నేను క్యారియర్ పట్టుకుని పరుగు. నా వీపు మీద సంచి పటపట కొట్టుకుంటోంది. మసక చీకటైంది. ప్రతి మలుపులోనూ అక్క తల ఎత్తి లాకువైపు చూస్తోంది, ఎర్రచుక్క ఉందా అని. లేదు. ఇంకో మలుపు. లేదు. ఇంకా పొద్దుందేమో అనుకుంటే, కాలువలో నీళ్ళే సరిగ్గా కనపడటం లేదు.

లాకు దగ్గరికొచ్చేసరికి రెండు పడవలు ఆగి ఉన్నాయి. పడవవాళ్ళు కేకలేస్తున్నారు.

"లస్కరు గారూ! దీపం ఏదండీ? చీకటి పడిపోతంది!"

నాన్న లాకు గోడ మీద, లాంతరు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో అగ్గిపెట్టె. "అగ్గిపెట్టె చెమ్మగిల్లిందండీ. కాస్త ఆగండి," అన్నాడు.

"ఏనాడూ లేంది ఇదేం చెమ్మండీ బాబూ! మా దగ్గరుంది, ఇమ్మంటారా?"

"అక్కర్లేదండీ. అంటుకుంటాది."

అక్క సైకిల్‌ని వాకిట్లో పెట్టి స్టాండు వేసింది. స్టాండు 'టక్' మంది. ఆ చప్పుడుకి నాన్న పుల్ల తీసి గీశాడు. ఒక్క గీతకి భగ్గుమంది. లాంతరు వెలిగింది, లాకు గోడ ఎర్రబడింది, పడవవాళ్ళు హమ్మయ్య అన్నారు. నాన్న మావైపు చూడకుండానే, "తల తుడుచుకోండి," అన్నాడు.

చెమ్మగిల్లిన పుల్ల ఒక్క గీతకే ఎలా అంటుకుందా అని నేను కాస్త ఆశ్చర్యపోయాను. మా నాన్న గొప్పతనం అనుకుని నిద్రపోయాను. ఆ అగ్గిపెట్టె ఎప్పుడూ అమ్మ పొయ్యి పైన గూట్లో, ఇంట్లోకెల్లా పొడిగా ఉండేచోట ఉంటుందన్న సంగతి చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది. ఆ తర్వాతి వానాకాలాల్లో కూడా మా ఇంట్లో అగ్గిపెట్టె తరచుగా చెమ్మగిల్లుతూ ఉండేది.

అక్క పదీ అయింది, పైచదువులూ అయ్యాయి. టీచరుగా పనిచేసి ఇప్పుడు ద్రాక్షారామంలో ఉంటోంది. కాలువలో పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. లాకు తలుపులు తుప్పుపట్టి, తీసి ఉన్నాయో మూసి ఉన్నాయో వాటికే గుర్తులేనట్టు ఒరిగి ఉన్నాయి. గట్టు మీద తారురోడ్డు వేశారు. ఇప్పుడు దాని మీద ఏ టైరైనా తిరుగుతుంది.

"తాతయ్యా, కొనవా?" అని మనవరాలు చొక్కా లాగింది. దుకాణంలోంచే అక్కకి ఫోన్ చేశాను.

"గుబ్బలదా?" అంది అక్క. "పిల్ల ఎక్కడ తొక్కుతుందిరా?"

"ధవళేశ్వరం రోడ్డు, వీధి, ట్యూషను."

"అయితే మధ్యరకం తీసుకో. బిగించాక సందులో వేలు పెట్టి చూడు. పట్టకపోతే వద్దను."

కుర్రాడు బిగించాడు. నేను వంగి వేలు పెట్టాను. సాఫీగా పట్టింది. అతను వింతగా చూస్తున్నాడు. మనవరాలు మొహం ముడుచుకుంది గానీ సైకిల్ ఎక్కగానే విప్పేసుకుంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. ఇన్నేళ్ళలో ఎందుకో ఎప్పుడూ అడగలేదు, ఆ రోజు అడిగేశాను.

"అక్కా, నాన్న అగ్గిపెట్టె... నిజంగా చెమ్మగిల్లేది కాదు కదా?"

వెనక ఎక్కడో వాళ్ళ వీధిలో ఆటో వెళ్తున్న చప్పుడు.

"ఆ రోజు స్టాండు వేసినప్పుడే తెలిసిందిరా," అంది. "తెలిశాక కూడా ఒక్కనాడూ నెమ్మదిగా తొక్కలేదు."